ఛాయిస్‌లో వదిలేసిన పాఠం

మా కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్ ఐదో సెమిస్టర్‌కు మూడు పేపర్లు ఉన్నాయి. ఏ అంటే లీనియర్ ఆల్జీబ్రా, బీ అంటే సాలిడ్ జామెట్రీ, సీ అంటే ఇంటిగ్రల్ కాల్‌క్యులస్. మూడింటిలో విద్యార్థి తనకు నచ్చినది ఒకటి ఎంచుకోవచ్చు. ఈ మాట ప్రాస్పెక్టస్‌లో ఉంది, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంది, మా నోటీసు బోర్డు మీద అద్దం వెనకాల కూడా ఉంది. ఎంచుకోకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. రాయకుండానే అందరికీ తెలుసు.

కాలేజీ ఆసిఫాబాద్‌కు అరగంట దూరంలో ఉంటుంది. అందులో మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కణ్ణే. పేరు శ్రీహరి, సర్వీసు ఇరవై ఆరేళ్లు. నా దగ్గర లీనియర్ ఆల్జీబ్రా నోట్సు ఉంది. దానికి ప్లాస్టిక్ అట్ట వేయించాను. బోర్డు ఎక్కడ తుడవాలో, ఎక్కడ జోకు వేయాలో అందులో పెన్సిల్‌తో రాసి ఉంటుంది. అటువంటి నోట్సు ఉన్నవాడు మిగతా రెండు పేపర్ల జోలికి ఎందుకు పోతాడు? ఏటా ఆప్షన్ల సమయం రాగానే మా గుమాస్తా హనుమండ్లు కాలేజీ లాగిన్‌లోంచి పిల్లలందరికీ ఏ కొట్టేసేవాడు. తమకు ఆప్షన్లు ఉన్నాయన్న సంగతి చాలామంది పిల్లలకు మార్కుల మెమో చేతికొచ్చేదాకా తెలిసేది కాదు. తెలిశాక కూడా ఎవరూ వచ్చి అడిగింది లేదు.

నిరుడు ఆగస్టులో పద్ధతి మారింది. విద్యార్థి తన ఫోనుకు వచ్చిన నంబరు కొట్టి, తన ఆప్షన్ తానే పెట్టుకోవాలన్నారు. హనుమండ్లు క్లాసు గుమ్మంలో నిలబడి, అందరూ ఏ పెట్టండి, జల్ది పెట్టండి, నాకు బస్సుంది అని చెప్పి పోయాడు. పద్నాలుగు మంది ఏ పెట్టారు. పదిహేనో అమ్మాయి ఆ రోజు కాలేజీకి రాలేదు.

ఆ అమ్మాయి పేరు ఎలీసబెతు. మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుంటుంది, ప్రశ్నలు అడగదు. ప్రశ్నలు అడగని పిల్లలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. ఇంట్లో కూర్చుని లిస్టు మొత్తం చదివి, ఆ పిల్ల బీ పెట్టింది.

హనుమండ్లు ప్రింటు తీస్తే సంగతి బయటపడింది. కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి, తప్పు నాదే అన్నట్టు నా ముందు పెట్టాడు. పద్నాలుగు ఏ, ఒక బీ. యూనివర్సిటీ మొత్తంలో బీ ఎంతమంది పెట్టారో కూడా అతను కనుక్కుని వచ్చాడు. ఒక్కరే పెట్టారు.

ప్రిన్సిపాల్ అనసూర్య మేడం హిస్టరీ మనిషి. రాజులు ఎందుకు ఓడిపోయారో చెప్పే గొంతుతోనే కాలేజీ పనులు కూడా చెబుతుంది. ఒక్క పిల్ల కోసం టైంటేబుల్లో గంటలు వేయడం కుదరదంది. ఆప్షన్ మార్చుకోవడానికి పది రోజుల గడువు ఉంది కాబట్టి అమ్మాయితో ఉత్తరం రాయించమంది. రాయించలేకపోతే నా ఖాళీ గంటల్లో నేనే చెప్పుకోవాలంది. ఈ రెండింటిలో ఏది చేసినా తనకు అభ్యంతరం లేదని, ఈ విషయం మాత్రం మళ్లీ తన బల్ల మీదికి రాకూడదని చెప్పి పంపించింది.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివాను. మా బాపు అంజన్న సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే మరమగ్గాలు. పొద్దంతా వాటి చప్పుడులో నిలబడి నిలబడి ఇంట్లో కూడా గట్టిగా అరిచి మాట్లాడేవాడు. నేను ఒక్క ఏడాది తప్పినా నన్నూ సాంచెల మీదికి తోలుకుపోతాడని భయం. ఆ రోజుల్లో ఏడాదికోసారి పరీక్ష. ఫస్టియర్ మ్యాథ్స్ పేపర్‌లో ఎక్కువ భాగం డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మిగతాది సాలిడ్ జామెట్రీ. హాస్టల్లో సీనియర్లు మొదటి వారంలోనే ఉపదేశం చేశారు, సాలిడ్ ఛాయిస్‌లో వదిలెయ్ అని. ప్రశ్నపత్రంలో ఇన్నింటికి ఇన్ని రాస్తే చాలంటారు కదా, ఆ వెసులుబాటును నమ్ముకుని ఒక పాఠాన్ని అసలు తెరవకుండా పక్కన పెట్టడాన్ని ఛాయిస్‌లో వదిలేయడం అంటాం. డిగ్రీ చదివిన ప్రతివాడూ ఏదో ఒకటి వదిలినవాడే. నేను సాలిడ్ వదిలేసి ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. పీజీలో అది లేదు. ఉద్యోగం పరీక్షలో మళ్లీ ఛాయిస్ ఉంది. గోళం, శంకువు, స్థూపం అనే మూడింటి గురించి పదో తరగతికి మించి ఏమీ తెలియకుండానే నేను మ్యాథ్స్ లెక్చరర్‌నయ్యాను. ఈ మాట ఇరవై ఆరేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పద్మలతకు కూడా చెప్పలేదు.

కాబట్టి ఆప్షన్ మార్పించడం ఒక్కటే దారి అనుకున్నాను. క్లాసు అయ్యాక ఎలీసబెతును పిలిచి, ఉత్తరం రాసివ్వమన్నాను. బాపును అడిగి చెబుతానంది. మర్నాడు అడిగితే బాపు పని మీద పోయిండంది. ఆ మర్నాడూ అదే మాట. గడువు ఇంకా రెండు రోజులుందనగా నేనే వాళ్లింటికి బయలుదేరాను.

వాళ్లది ఊరి చివర మెథడిస్టు చర్చి దాటాక మూడో ఇల్లు. తండ్రి పేతురు సెప్టిక్ ట్యాంకులకు, చేదబావులకు సిమెంటు రింగులు పోస్తాడు. ఇంటి ముందు జాగా అంతా రింగులే. కొన్ని ఆరినవి, కొన్ని తడి గోనెసంచులు కప్పుకున్నవి. గోడకు ఆనించి పగిలినవి పది దాకా ఉన్నాయి. పేతురు నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చాడు. వందనాలు సారు, గింత దూరం మీరే వచ్చిన్రా అని కుర్చీ తెప్పించాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. చెప్పినదంతా నిజమే. బీ పేపర్‌కు మా లైబ్రరీలో పుస్తకం లేదు. పాత ప్రశ్నపత్రాలు లేవు. ప్రశ్నలు ఎట్లా వస్తాయో చెప్పేవాళ్లు లేరు. ఈ పేపర్ పోతే మళ్లీ ఏడాదికి గానీ రాయడం కుదరదు, అప్పటిదాకా పీజీ కౌన్సెలింగ్‌లో సీటు ఇవ్వరు. ఎలీసబెతు అక్క మహిమ మా కాలేజీలోనే చదివింది. ఫైనలియర్‌లో ఒక్క పేపర్ పోయి, ఏడాది ఆగి, ఆ ఏడాదిలో ఆసిఫాబాద్‌లో బట్టల షాపులో చేరింది. మళ్లీ ఆ పేపర్ రాయలేదు. ఎలీసబెతు ఎమ్మెస్సీ చేయాలనుకుంటోందని నాకు తెలుసు. మహిమ పేరు ఎత్తడం అన్యాయమని కూడా తెలుసు. అయినా ఎత్తాను.

పేతురు కూతురి వైపు చూశాడు. బీ ఎందుకు పెట్టావని ఆమెను అప్పటిదాకా నేను అడగనే లేదు. అప్పుడు అడిగాను.

"లిస్టుల ఉన్నది గద సార్. ఉన్నదని పెట్టిన" అంది.

తర్వాత లోపలికి పోయి సిలబస్ ప్రింటు తెచ్చింది. నాలుగో యూనిట్ దగ్గర పెన్నుతో గీత గీసి ఉంది. అక్కడ స్థూపాలు అని ఉంది. పైపు రింగులోకి వాలుగా దిగాల్సిన చోట బాపు అందాజుగా గుండ్రంగా బొక్క కొడతాడని, పైపు పట్టదని, పట్టించడానికి ఇంకా కొడితే రింగు పగులుతుందని చెప్పింది. గోడకు ఆనించినవన్నీ అట్లా పగిలినవేనట. ఆ బొక్క ఏ ఆకారంలో ఉండాలో ఈ యూనిట్‌లో ఉంటుందేమోనని పెట్టానంది.

ఉంటుందో ఉండదో నాకు తెలియదు. అయితే ఆ మాట అనలేదు. పరీక్షలో బొక్కలు అడగరు బిడ్డా అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. పిల్లలు ఎదురు చెప్పకపోవడమే నా ఉద్యోగానికి ఆధారం. నోటుబుక్కులోంచి కాగితం చింపి, నేను చెప్పినట్టే ఉత్తరం రాసి, సంతకం పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. తల్లి చాయ తెచ్చింది. పని అయిపోయిందని గ్లాసు అందుకున్నాను.

"సార్, గది మీకు రాదా?" అని అడిగింది ఎలీసబెతు.

వెటకారం లేదు. అడగని పిల్ల మొదటిసారి అడిగిన ప్రశ్న, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అబద్ధం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. టైం లేదనో, రూల్ లేదనో, మేడం ఒప్పుకోలేదనో అనొచ్చు. ఇరవై ఆరేళ్లు అట్లా అన్నవాణ్ణే. ఆ రోజు ఎందుకో నోరు తిరగలేదు.

"రాదు బిడ్డా. నేను సదివేటప్పుడు ఛాయిస్‌ల విడిచిన" అన్నాను.

తల్లి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేతురు మాత్రం నవ్వలేదు. రింగుల వైపు చూసి, తనకు కూడా రింగులు పోసుడు ఎవరూ నేర్పలేదని, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నానని చెప్పాడు. ఇద్దరూ కలిసి నేర్చుకోరాదా సారు అన్నాడు. నేను చాయ తాగి, ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చేశాను.

గడువు చివరి రోజు ఆ ఉత్తరం జేబులోనే ఉంది. మరిచిపోయానని అనను. పదకొండుకు గుర్తొచ్చింది, ఒంటి గంటకు గుర్తొచ్చింది, ఐదుకు పావుగంట తక్కువగా హనుమండ్లు వచ్చి అడిగినప్పుడు ఇంకా బాగా గుర్తుంది. చూద్దాం లే అన్నాను. ఐదు దాటింది. ఇంటికి పోయేటప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నా పరువు సంగతి నేను చూసుకుంటాను, ఆ పిల్ల ఏడాదిని తీసుకుపోయి పందెంలో పెట్టాననిపించింది. మర్నాడు ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉత్తరం ఇవ్వలేదు, ఇప్పుడు ఇచ్చినా తీసుకోరు, ఇక బీ రాయాల్సిందే అన్నాను. తిడుతుందేమోనని చూశాను. ఆమె కొత్త నోటుబుక్కు తెచ్చుకుంది, దాని మీద పేరు కూడా రాసుకుంది.

పుస్తకం మా ఇంట్లోనే దొరికింది. పద్మలత అటక మీది ట్రంకు పెట్టె దింపి, నా ఫస్టియర్ పుస్తకం తీసి దులిపి ఇచ్చింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఉన్న మొదటి సగం నలిగి, నూనె మరకలతో, అట్ట నుంచి ఊడిపోయి ఉంది. సాలిడ్ ఉన్న రెండో సగం కొన్ననాటి లాగే తెల్లగా ఉంది. కొన్ని పేజీలు అంచుల దగ్గర ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. పద్మలత అది చూసి, ఇంత మంచిగా దాచుకున్నవేంది అంది. అప్పుడు ఆమెకూ చెప్పాల్సి వచ్చింది. విని, నువ్వు కూరల్లో కాకరకాయను కూడా అట్లనే విడుస్తవు అంది. ఆ మాటను నేను మనసులో పెట్టుకోలేదు.

రోజూ పొద్దున లేచి ఆ రోజుకు కావలసినంత చదువుకుని పోయేవాణ్ణి. నాలుగో గంటలో స్టాఫ్ రూములో ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మొదటి రెండు వారాలు నేను చెప్పాను. తర్వాత ఎవరు చెబుతున్నారో, ఎవరు వింటున్నారో అంత స్పష్టంగా ఉండేది కాదు. సూత్రాలు నాకు తొందరగా వచ్చేవి, బొమ్మ మాత్రం కళ్ల ముందు నిలిచేది కాదు. ఆమెకు బొమ్మ ముందు కనపడేది, సూత్రం తర్వాత వచ్చేది. నాకు ఇంకో రోగం ఉంది. ఎక్కడో ఒక చోట ప్లస్‌ను మైనస్ చేస్తాను. లీనియర్ ఆల్జీబ్రా నోట్సులో తప్పులన్నీ ఏనాడో దిద్దుకున్నాను కాబట్టి ఆ రోగం ఉందని ఎవరికీ తెలియదు. ఇక్కడ రోజూ బయటపడేది. చివరికి ఎలీసబెతు ఒక ఉపాయం చేసింది. లెక్క అయిపోగానే, ఆ ఆకారం మీద ఉందని ఖాయంగా తెలిసిన ఒక బిందువును తీసుకుని సమీకరణంలో వేసి చూసేది. సున్నా వస్తే లెక్క సరైనది, రాకపోతే తప్పు ఎక్కడో వెతకాలి. బాపు రింగు పోశాక కర్రతో అడ్డంగా నిలువుగా కొలిచి చూస్తాడట. ఇదీ అదేనట.

ఆదివారాలు ఆమె రాదు, చర్చిలో పాటలు పాడుతుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వాళ్లింటికి వెళ్లాను. యూనిట్ నాలుగు అప్పటికి అయిపోయింది. ఆమె అంతకు ముందు రోజే అట్టముక్క ఒకటి కత్తిరించి పెట్టుకుంది. పైపు గుండ్రంగానే ఉంటుంది కానీ వాలుగా దిగితే రింగు మీద దాని జాడ గుండ్రంగా ఉండదు, నిలువుగా సాగుతుంది. వాలు ఎంత ఉంటే అంత సాగుతుంది. ఎంత సాగుతుందో లెక్క వేసి, నాలుగు అంగుళాల పైపుకు ఐదున్నర దాటిన పొడుగుతో కోడిగుడ్డు ఆకారం గీసింది. పేతురు ఆ అట్టను రింగుకు ఆనించి బొగ్గుతో గీసుకుని, ఉలితో మెల్లగా కొట్టాడు. అరగంట పట్టింది. పైపు పెడితే దిగింది. రింగు పగల్లేదు. పేతురు పైపు తీసి మళ్లీ పెట్టాడు, మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. నేను ఇంత వయసుకు ఒక లెక్క పని చేయడం కళ్లతో చూడటం అదే మొదటిసారి. కడుపు నిండినట్టయింది.

డిసెంబరులో పరీక్షలు వచ్చాయి. చర్చి మీద, క్రైస్తవుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలిగించారు. మా కాలేజీలో పద్నాలుగు మందికి ఒక గది, ఎలీసబెతుకు ఒక గది ఇచ్చారు. ఒకే బల్ల, ఒకే కుర్చీ, ఒక ఇన్విజిలేటర్. నా సబ్జెక్టు కాబట్టి నేను లోపలికి పోకూడదు, వరండాలో నిలబడ్డాను. కవరు విప్పితే అందులో పద్నాలుగు ఏ పేపర్లే ఉన్నాయి. బీ లేదు. పంపేవాళ్లకు కూడా బీ అనేది లిస్టులో ఉండే అక్షరమే అయి ఉంటుంది.

అనసూర్య మేడం ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆ పిల్లతో ఏ రాయించేయండి, తర్వాత చూసుకుందాం అని అవతల ఎవరో సలహా ఇచ్చారట. మేడం ఆ సలహాకు ఇచ్చిన జవాబు వరండాలో ఉన్న నాకు వినపడింది. ఈ విషయం తన బల్ల మీదికి రాకూడదన్న మనిషి ఆవిడే. నలభై నిమిషాల తర్వాత ప్రశ్నపత్రం మెయిల్‌లో వచ్చింది, హనుమండ్లు ప్రింటు తీసుకుని మెట్ల మీద పరిగెత్తాడు. ఆలస్యమైనంత సమయం చివర్లో కలిపి ఇచ్చారు. ఆ నలభై నిమిషాలూ ఎలీసబెతు ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుందట. కిటికీలోంచి చూడాలనిపించింది గానీ, నా మొహంలో ఏం కనపడుతుందోనని చూడలేదు. పరీక్ష అయ్యాక ఎట్లా రాశావని అడిగాను. రాసిన సార్ అంది.

జనవరిలో కరీంనగర్‌లో స్పాట్ పెట్టారు. స్పాట్ అంటే లెక్చరర్లందరినీ ఒక చోట కూర్చోబెట్టి జవాబు పత్రాలు దిద్దించడం. మ్యాథ్స్ హాలులో మేం నలభై మందిమి. రెండో రోజు మధ్యాహ్నం క్యాంప్ ఆఫీసర్ ఒక్క జవాబు పత్రాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వచ్చి, సాలిడ్ జామెట్రీ ఎవరు దిద్దుతారని అడిగాడు. నలభై మంది మ్యాథ్స్ లెక్చరర్లు తమ ముందున్న కట్టల వైపు చూసుకుంటున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్లు నేను చూసిన చూపే. ఎవరికీ రాకపోతే మిగతా పేపర్ల సగటు వేసి పంపించేద్దామని వెనక నుంచి ఒకాయన సలహా ఇచ్చాడు. క్యాంప్ ఆఫీసర్ ఆ మాట కొట్టిపారేయలేదు.

నోరు మూసుకుంటే సగటు మార్కులతో ఆమె పాసైపోతుంది. సీటు భద్రం. నేను ఆ సంగతి ఆలోచించలేదంటే అబద్ధం. కానీ నాలుగు నెలలు ఆ పిల్ల ఒక్కొక్క బిందువూ వేసి సరిచూసుకున్నది ఎవరో అందాజుగా వేసే మార్కుల కోసం కాదు.

లేచి నిలబడి, నాకు వచ్చు అన్నాను. అది మా కాలేజీ పేపర్ కాబట్టి నేను దిద్దకూడదని కూడా చెప్పాను. అప్పుడు ధర్మపురి నుంచి వచ్చిన మల్లన్న సార్, ఆ ఏడాదే రిటైరయ్యే మనిషి, తాను చిన్నప్పుడు కొంత చదివానని, ఎవరైనా కీ రాసిస్తే దాన్ని చూసుకుంటూ దిద్దగలనని అన్నాడు. నేను జవాబు పత్రం చూడకుండా, ప్రశ్నపత్రం ఒక్కటే ముందు పెట్టుకుని కీ రాశాను. సాయంత్రం దాకా పట్టింది. రాసిచ్చి, నా కట్ట దగ్గరికి వచ్చి కూర్చున్నానే గానీ ఒక్క పేపరూ సరిగా దిద్దలేకపోయాను.

మర్నాడు పొద్దున మల్లన్న నన్ను పిలిచాడు. పత్రాన్ని మడిచి ఒక్క పేజీ మాత్రం కనపడేలా పెట్టుకున్నాడు.

"శ్రీహరీ, మూడో దాంట్ల నీ కీ ఒకటి చెప్తుంది, గీ పిల్ల ఒకటి చెప్తుంది. ఎవలది నమ్మాలె?"

స్థూపం లెక్క. అక్షం ఇచ్చారు, వ్యాసార్ధం ఇచ్చారు, సమీకరణం కనుక్కోవాలి. స్థూపం మీద ఖాయంగా ఉండే ఒక బిందువును తీసుకుని ముందు నా సమీకరణంలో వేశాను. సున్నా రాలేదు. ఆమెదాంట్లో వేశాను. సున్నా వచ్చింది. నా కీలో జడ్ పక్కన ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్నగా ఆమె వేసిన బిందువు కూడా కనపడింది. నేను రాసేటప్పుడు సరిచూసుకోలేదు, ఆమె చూసుకుంది. ఎర్ర పెన్నుతో కీ దిద్ది, పక్కన సంతకం పెట్టాను. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ఏది ఎక్కువో చెప్పలేను.

ఇంకో ముచ్చట అడగాలన్నాడు మల్లన్న. పెద్ద ప్రశ్నలు నాలుగు. ప్రతిదాంట్లో రెండేసి లెక్కలు ఇస్తారు, ఏదో ఒకటి రాస్తే చాలు. అన్నింట్లోనూ రెండూ రాసి ఉన్నాయట, నాలుగింటికి ఎనిమిది. ఏదీ రాని పిల్లలు ఇట్లా రెండూ గెలుకుతారని అనుకున్నాడట. ఎనిమిదీ సరిగానే ఉన్నాయి. నియమం ప్రకారం ప్రతిదాంట్లో ఒకదానికే మార్కులు వేయాలి, రెండోది కొట్టేయాలి. కొట్టేయడానికి చేతులు రావడం లేదన్నాడు.

"నలభై ఏండ్లసంది దిద్దుతున్న. ఛాయిస్‌ల ఏం విడువని పిల్లను గిప్పుడే చూసిన" అన్నాడు.

నేను బయటికి వచ్చి నల్లా దగ్గర మొహం కడుక్కున్నాను. ఎనిమిది పెద్ద లెక్కలు, పైన చిన్న ప్రశ్నలు, మూడు గంటల సమయం. భాగించి చూసుకున్నాను. ఒక్కొక్క దానికి పావుగంట కంటే ఎక్కువ పడలేదు. అందులోనే బిందువు వేసి సరిచూసుకోవడం కూడా ఉంది.

ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. ఎలీసబెతు అన్ని పేపర్లూ పాసైంది. బీ పేపర్‌లో యూనివర్సిటీ ఫస్ట్ ఆమేనని హనుమండ్లు ప్రకటించాడు. లాస్ట్ కూడా ఆమేనని తానే కలిపాడు. పేతురు ఇంటి ముందు గోడకు ఆనించిన పగిలిన రింగులు పది దగ్గరే ఆగాయని ఆమె చెప్పింది.

అదే వారంలో ఆరో సెమిస్టర్ ఆప్షన్లు తెరిచారు. ఏ అంటే న్యూమరికల్ అనాలిసిస్, బీ అంటే కాంప్లెక్స్ అనాలిసిస్, సీ అంటే వెక్టర్ కాల్‌క్యులస్. న్యూమరికల్ అనాలిసిస్‌కు నా దగ్గర నోట్సు ఉంది, దానికీ ప్లాస్టిక్ అట్ట ఉంది. హనుమండ్లు మళ్లీ క్లాసు గుమ్మంలో నిలబడి ఏ పెట్టండని చెప్పి వచ్చాడు. నాలుగో గంటలో ఎలీసబెతు ఫోను పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. లిస్టు తెరిచి నా ముందు పెట్టింది.

"సార్, గీ మూడిట్ల మీకు రానిదేది?"

హనుమండ్లు రిజిస్టర్‌లోంచి తలెత్తాడు. పక్క బల్ల దగ్గర కెమిస్ట్రీ మేడం కూడా వింటోంది. నేను లిస్టు ఇంకోసారి చదువుకున్నాను, అవసరం లేకపోయినా.

సీ అన్నాను. "అది ఫైనలియర్‌ల విడిచిన."

ఆమె సీ నొక్కి, వచ్చిన నంబరు కొట్టి, ఫోను బ్యాగులో పెట్టుకుని క్లాసుకు పోయింది. నేను పద్మలతకు ఫోన్ చేసి, ఆ ట్రంకు పెట్టె మళ్లీ దింపి పెట్టమన్నాను.